కొడుకు వినని మాట

పాతికేళ్ళు వచ్చేదాకా వజ్రమ్మకు అక్షరం ముక్క రాదు. సిరిసిల్ల దగ్గరి ఒక పల్లెలో పుట్టి, బీడీలు చుడుతూ పెరిగి, పందొమ్మిదో ఏట రాజనర్సును పెళ్ళి చేసుకుని సూరత్ వచ్చింది. రాజనర్సు ఉధనాలో సాంచల మీద పని చేసేవాడు. కరెంటుతో నడిచే మగ్గాలను మనవాళ్ళు సాంచలనే అంటారు. పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడి ఇంటికొచ్చినవాడికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. బయటికి పోతే హిందీ, గుజరాతీ, మరాఠీ. తెలుగులో నాలుగు మాటలు చెప్పుకునే మనిషి కోసం వజ్రమ్మ మొహం వాచిపోయింది.

గోడాదరాలో వాళ్ళ గది పక్కనే భూదేవి అని ఒకామె ఉండేది. భర్త పోయిన మనిషి. చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని మార్కెట్టు నుంచి ఇంటికి తెచ్చుకుని చేసుకునేది. ఆ పని వజ్రమ్మకూ నేర్పింది. చేతులు కత్తెర మీద ఉండగానే నోటితో అక్షరాలు చెప్పించింది. మధ్యాహ్నాలు గచ్చు మీద సుద్దముక్కతో దిద్దించింది. భూదేవి ఇంట్లో ఉన్న తెలుగు అచ్చు అంతా దేవుని వాక్యమే. అందుకని వజ్రమ్మ చదవడం నేర్చుకున్నదీ, ప్రభువును తెలుసుకున్నదీ ఒక్కసారే జరిగాయి. ఆ రెండింటినీ ఆమె ఎన్నడూ విడదీసి చెప్పదు. "గప్పుడే నాకు కండ్లచ్చినయ్" అంటుంది.

రెండేళ్ళ తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి కొడుక్కి ఏడేళ్ళు, కూతురు సుమన ఒళ్ళో పిల్ల. కొడుకు పేరు శివకృష్ణ. పేరు మార్చాలా అని అడిగితే పాస్టరయ్య నవ్వాడు. "పేరు సంగతి తర్వాత చూద్దాం గని, పిల్లగాడు ఎట్ల పెరుగుతడో అది చూడు తల్లీ" అన్నాడు. ఆ తర్వాత పేరు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వాళ్ళ చర్చి సంఘంలో ఈనాటికీ పాటల పుస్తకాలు పంచేది శివకృష్ణే.

రాజనర్సుకు రాజమౌళి అని ఒక అన్న ఉన్నాడు. తమ్ముణ్ణి సూరత్ తీసుకొచ్చి సాంచ పని నేర్పింది ఆయనే. తర్వాత సొంతంగా పన్నెండు సాంచలు పెట్టుకున్నాడు. తమ్ముడు బాప్తిస్మం తీసుకున్నాడని తెలిసిన రోజు వచ్చి, గడప బయటే నిలబడి, "ఇంటి దేవుండ్లను ఇడిసిపెట్టినోనికి ఇంటితోటి ఏం పని?" అని తిరిగి వెళ్ళిపోయాడు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. వీధిలో ఎదురైతే తల ఊపేవాడు. గడప మాత్రం తొక్కలేదు. ఆయన భార్య పోశమ్మ అప్పుడప్పుడు మొగుడు ఇంట్లో లేని వేళ చూసి పిల్లలకు గారెలు పంపేది. ఆయన మాట కూడా ఆమె ద్వారానే వీళ్ళకు చేరేది. "ప్రార్థనలు నేర్పితే పోరగాండ్లు పైకొస్తరా? నా సురేశ్‌ను చూడుమను" అనేవాడట. నిజమే, ఆయన కొడుకు సురేశ్ చీరల వ్యాపారంలో దిగి, అడాజన్‌లో ఫ్లాటు కొని, కారులో తిరుగుతున్నాడు.

వజ్రమ్మ పిల్లలకు పెద్ద పెద్ద మాటలు చెప్పింది లేదు. ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టింది, అంతే. పొద్దున నలుగురూ చాప మీద కూచుని ప్రార్థన చేసుకున్నాకే టీ. ఆదివారం సంఘానికి పోవాలి, మర్నాడు పరీక్ష ఉన్నా సరే. అబద్ధమాడితే ఆ పూట అమ్మ మాట్లాడదు. కొట్టేది కాదు, తిట్టేది కాదు, ఊరికే మాట్లాడేది కాదు. దానికంటే రెండు దెబ్బలే నయమని పిల్లలకు అనిపించేది.

శివకృష్ణ తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల సారు మార్కులు కూడడంలో పొరపాటు చేసి వాడికి ఎనిమిది ఎక్కువ వేశాడు. వాడు క్లాసులో ఫస్టు వచ్చాడు. ఇంటికొచ్చి నవ్వుతూ ఆ సంగతి చెప్పాడు. వజ్రమ్మ నవ్వలేదు. మర్నాడు బడి తెరిచే వేళకు వాణ్ణి వెంటబెట్టుకుపోయి సారు ముందు నిలబెట్టింది. సారుకే ఇబ్బందయ్యింది. "జానే దో బెహన్", పోనివ్వమని కూడా అన్నాడు. ఆమె కదల్లేదు. వాడు ఫస్టు నుంచి థర్డుకు దిగాడు. దారి పొడుగునా ఏడ్చాడు.

"మార్కులు మల్ల అస్తయ్ కొడుకా" అంది వజ్రమ్మ. "మనసు ఒక్కపారి వంకర పోయిందంటే సాపు జేసుడు కష్టం."

రాజనర్సు కూడా భక్తిపరుడే. కాకపోతే ఆయనకో కోరిక ఉండేది. ఇరవై మూడేళ్ళు సాంచల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. పక్కన నిలబడి గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. కొడుకు ఆ చప్పుడులోకి రాకూడదు. సూరత్ పక్కన హజీరాలో ఏదో ఒక పెద్ద కంపెనీలో, ఇస్త్రీ బట్టలు వేసుకుని, నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే పనిలో ఉండాలి. అందుకే కొడుకును ఐటీఐలో ఫిట్టరు చదివించాడు. వాడు పాసయ్యాడు. రెండేళ్ళు చిన్నా చితకా వర్క్‌షాపుల్లో పని చేశాడు.

అంతలో కరోనా వచ్చింది. 2020 వేసవిలో సాంచలన్నీ ఆగిపోయి, వీధిలో సగం గదులు ఖాళీ అయ్యాయి. చాలామంది ఊళ్ళకు పోయారు. వీళ్ళకు ఊళ్ళో ఇల్లు లేదు, పోలేదు. సంఘంవాళ్ళు బియ్యం పంచితే తెచ్చుకున్నారు. సుమన చదువు ఫోన్లోకి మారింది, సంఘం కూడా ఫోన్లోకే మారింది. ఎట్లాగో ఏడాది గడిచింది. సాంచలు మళ్ళీ నడిచాయి. 2021 మార్చిలో శివకృష్ణకు హజీరాలో ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది. పరీక్ష రాశాడు, ఇంటర్వ్యూకు పోయాడు, ట్రైనీగా తీసుకున్నారు. ఏప్రిల్ పన్నెండు, సోమవారం చేరాలి. మొదటి పదిహేను రోజులు కొత్తగా చేరినవాళ్ళందర్నీ కంపెనీ లోపలే ఒక హాల్లో ఉంచుతారు, ఆ తర్వాతే పనిలోకి పంపుతారు. రాజనర్సు ఆ సంగతి తన పక్క సాంచవాడికి చెబుతుంటే ఆ మగ్గాల షెడ్డంతా వినిపించిందట. చెవులు లేనివాడి సంతోషం అట్లాగే ఉంటుంది.

ఏప్రిల్ నాలుగున ఈస్టరు. ఆ ఏడు కూడా ఇంట్లోనే, ఫోను గోడకు ఆనించి పెట్టుకుని పాడుకున్నారు. ఆ మర్నాడు పొద్దున, రాజనర్సు పనికి వెళ్ళిన కాసేపటికి, పోశమ్మ వచ్చింది. మాస్కు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గడపకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

"వజ్రా, మీ బావకు ఊపిరాడుతలేదే" అంది. "సురేశ్‌కు ఫోన్ జేసిన. వాడు, కోడలు ఇద్దరు పాజిటివేనట, ఇంట్లకెల్లి కదలనిస్తలేరు. అంబులెన్సు ఎప్పుడస్తదో తెల్వదన్నరు. పక్కోళ్ళను పిలిస్తే తలుపులేస్కున్నరు. నేనొక్కదాన్ని మెట్లు ఎట్ల దింపుదు?"

శివకృష్ణ లోపలి నుంచి వచ్చి తల్లి మొహం చూశాడు. ఇంకో వారంలో వాడు హజీరాలో ఉండాలి. ఆ మాట వాడి మనసులోనూ ఉంది, ఆమె మనసులోనూ ఉంది. వజ్రమ్మ ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఆగింది.

"పో కొడుకా. రెండు మాస్కులు కట్టుకో" అంది.

వాడు పెద్దబాపును వీపు మీద వేసుకుని రెండంతస్తులు దింపాడు. ముగ్గురు ఆటోవాళ్ళు కాదన్నారు, నాలుగోవాడు ఒప్పుకున్నాడు. సర్కారు దవాఖాన ముందు అంబులెన్సులు, ఆటోలు వరసగా ఆగి ఉన్నాయి. ఎండ మండిపోతోంది. రాజమౌళి తల వాడి భుజం మీద వాలిపోయింది. వాడు అట్ట ముక్కతో విసురుతూ, నీళ్ళు తాగిస్తూ ఆ వరసలో ఆరు గంటలు కూచున్నాడు.

మధ్యలో ఒకసారి రాజమౌళి కళ్ళు తెరిచి, "నువ్వెందుకచ్చినవ్ రా?" అన్నాడు.

"అమ్మ పంపింది పెద్దబాపు."

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. మూడు గంటల వేళకు మంచం దొరికింది, ఆక్సిజన్ పెట్టారు. శివకృష్ణ ఇంటికొచ్చి, బయటే స్నానం చేసి, మీద ఉన్న రేకుల గదిలోకి ఎక్కిపోయాడు. ఆ రోజు నుంచి అక్కడే ఉన్నాడు. సుమన అన్నం గిన్నె మెట్ల మీద పెట్టి వచ్చేది. సాయంత్రం పనినుంచి వచ్చి సంగతి విన్న రాజనర్సు చాలాసేపు చెప్పులు కూడా విప్పకుండా నిలబడ్డాడు. ఏమైనా అంటాడేమోనని వజ్రమ్మ చూసింది. "అన్నకు మంచం దొరికింది గద" అని మాత్రం అన్నాడు.

శనివారం శివకృష్ణ కంపెనీ అడిగిన పరీక్ష చేయించుకున్నాడు. ఏమీ లేదని వచ్చింది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. వజ్రమ్మ వాడి బట్టలు ఉతికి, మడతపెట్టి, సంచిలో సర్దింది. ఆదివారం సాయంత్రం వాడు మెట్ల మీద కూచుని కంపెనీవాళ్ళు పంపిన ఫారం నింపుతున్నాడు. తల్లీ తండ్రీ కింద చాప మీద ఉన్నారు. పేరు, ఊరు, చదువు, ఒంట్లో ఏమైనా జబ్బులున్నాయా, అన్నీ రాశాడు. చివరికి వచ్చాక కలం ఆగింది.

"ఏమైంది?" అంది వజ్రమ్మ.

"పద్నాలుగు దినాల లోపల కరోనా ఉన్నోళ్ళ దగ్గర ఉన్నవా అని అడుగుతున్నరు. అవును, కాదు, ఏదో ఒకదానికి టిక్కు కొట్టాలె."

అవును అంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మూడో మనిషికి ఆ ప్రశ్నే వినపడలేదు. రాజనర్సు అప్పుడు ఆ పక్కకు తిరిగి కొడుకు కొత్త బూట్లకు తాళ్ళు ఎక్కిస్తున్నాడు.

అప్పుడు వజ్రమ్మ నోటి నుంచి ఆ మాట వచ్చింది.

"కాదు అని కొట్టు."

శివకృష్ణ తలెత్తి చూశాడు. సరిగ్గా వినలేదనుకున్నాడు. "ఏందమ్మా?"

"కాదని కొట్టు కొడుకా. పరీక్షల ఏం లేదని అచ్చింది గద? కాయిదం నీ చేతులనే ఉన్నది. నువ్వు దవాఖానకు పోయినవని ఆళ్ళకు ఎవరు చెప్తరు? ఎవలకు నష్టం?"

"అమ్మా, ఆరు గంటలు పెద్దబాపు నా మీదనే ఒరిగిండు."

"నేను పంపితే పోయినవ్!" అంది ఆమె. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మంచి పనికి పంపిన. దానికి గిదా? దేవుడు గింత అన్యాలం చేస్తడా? మీ బాపు దిక్కు చూడు. ఒక్క గీత. ఒక్క గీత కొడితే అయిపాయె."

బూటు చేతిలో పట్టుకుని రాజనర్సు ఇటు తిరిగాడు. ఇద్దరి మొహాలు చూసి ఏదో జరిగిందని తెలిసింది. "ఏందిరా? ఏమంటున్నది మీ అమ్మ?"

శివకృష్ణ చెప్పలేకపోయాడు. "ఏం లేదు బాపు."

"ఏం లేకుంటే ఆమె ఎందుకు ఏడుస్తది? గట్టిగ చెప్పు. వినస్తలేదు."

చెప్పక తప్పలేదు. తండ్రికి వినపడాలంటే అరవాలి. అరిస్తే వీధికి వినపడుతుంది. వాడు నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, "కరోనా ఉన్నోళ్ళ దగ్గర లేనని అబద్ధం రాయమంటున్నది బాపు!" అని అరిచాడు. ఎదురింటి కిటికీలో ఎవరో తొంగి చూశారు.

వజ్రమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. తను అన్న మాట ఆమె చెవిన అప్పుడే పడింది.

రాజనర్సు బూటు కింద పెట్టాడు. ఆయన చాలా మాటలు చెప్పే మనిషి కాదు. చెవులు పోయాక ఇంకా తగ్గాయి. "ఆ కొలువు అస్తే నాకంటె ఎక్కువ సంబురపడేటోడు గీ సూరత్‌ల లేడు" అన్నాడు. "గని నేను రాయుమని చెప్ప. రాయద్దని కూడ చెప్ప. నీకు ఇరవై రెండేండ్లున్నయ్. కలం నీ చేతుల ఉన్నది."

శివకృష్ణ ఫారం మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత, తల్లి వైపు చూడకుండానే, "తొమ్మిదో తరగతిల నన్ను సారు ముంగట నిలబెట్టినవ్ గదమ్మా. గా దినం నాకు నీ మీద శాన కోపమచ్చింది" అన్నాడు. "ఇయ్యాల లేదు." అవును అన్నచోట టిక్కు కొట్టి, ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వజ్రమ్మ ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. పిల్లలు అబద్ధమాడితే మాట్లాడని మనిషి, ఈసారి కొడుకు నిజం రాసినందుకు మాట్లాడలేదు. ఆ తేడా తనకూ తెలుసు. తెలిసినా కోపం పోలేదు.

సోమవారం పొద్దున తండ్రీ కొడుకులు ఎవరిదో బండి అడిగి తీసుకుని హజీరా పోయారు. రాజనర్సును గేటు బయటే ఆపారు. లోపల మాస్కు మీద మాస్కు కట్టుకున్న ఒక అధికారి ఫారాలు చూస్తూ, ఒక్కొక్కర్నీ లోపలికి పంపుతున్నాడు. శివకృష్ణ ఫారం చూసి ఆగాడు. పరీక్ష కాగితం చూశాడు. మళ్ళీ ఫారం చూశాడు.

"రిపోర్ట్ తో నెగటివ్ హై. పొరపాటున టిక్కు పెట్టావా?" అని హిందీలో అడిగాడు. తప్పించుకునే దారి ఆయనే చూపించినట్టయింది.

"లేదు సార్. మా పెదనాన్నను ఆస్పత్రికి తీసుకుపోయాను. వారం రోజులైంది" అన్నాడు శివకృష్ణ.

ఆయన నిట్టూర్చాడు. ఫారం పక్కన పెట్టాడు. ఈ బ్యాచిలో తీసుకోవడం కుదరదనీ, ఇంకో బ్యాచి ఉంటే ఫోన్ వస్తుందనీ చెప్పాడు. ఉంటుందని మాత్రం చెప్పలేదు.

పన్నెండు గంటలకు ఇద్దరూ సంచితో సహా ఇంటికి తిరిగొచ్చారు. వజ్రమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, లోపలికి పోయింది. గిన్నెలు గట్టిగా పెట్టడం, మూతలు గట్టిగా వేయడం మాత్రం వినపడింది. చాప మీద మోకాళ్ళూనింది గాని ప్రార్థన రాలేదు. "నేను పిల్లలకు నేర్పింది తప్పా?" అన్న ప్రశ్న ఒక్కటే తిరిగి తిరిగి వచ్చింది. అడాజన్‌లో ఉన్న సురేశ్ గుర్తుకొచ్చాడు. పోశమ్మ ద్వారా వచ్చే ఆ పాత మాటలన్నీ గుర్తుకొచ్చాయి. నిజాయితీగా చెప్పాలంటే, ఆ రోజుల్లో ఆమె దేవుడితో కూడా మాట్లాడలేదు.

బుధవారం మధ్యాహ్నం రేకుల గదిలోంచి దగ్గు వినపడింది. సాయంత్రానికి జ్వరం. గురువారం మళ్ళీ పరీక్ష చేయించారు. ఈసారి పాజిటివ్ అని వచ్చింది.

అదే రోజు నరేశ్ ఫోన్ చేశాడు. వాడు శివకృష్ణతో ఐటీఐ చదివిన పిల్లవాడు, అదే కంపెనీకి అదే బ్యాచిలో ఎంపికై సోమవారం చేరాడు. శివకృష్ణ లేవలేని స్థితిలో ఉంటే సుమన ఫోనెత్తి స్పీకరు పెట్టింది.

"కైసా హై శివా? ఎందుకు రాలేదు భాయ్?" అన్నాడు నరేశ్. సుమన సంగతి చెప్పింది. నరేశ్ గొంతు తగ్గించాడు. "అరే... ఇక్కడ ఒక్కటే హాల్ ఉన్నది చెల్లె. ఇరవై ఇద్దరం. మంచాలు పక్కపక్కనే. నీళ్ళ కూలర్ ఒక్కటే, అందరం దాంట్లనే తాగుతున్నం. నా పక్కమంచం శివాకే పెట్టిన్రు. ఖాళీగ ఉన్నది. నాకు ఆస్తమా ఉన్నది తెలుసు గద..."

వజ్రమ్మ పొయ్యి దగ్గర నిలబడి వింటోంది. గరిటె పక్కన పెట్టి, అక్కడే నేల మీద కూచుంది. ఇరవై ఇద్దరు పిల్లలు. ఒక్కొక్కడి వెనక ఒక్కో తల్లి. "ఎవలకు నష్టం?" అని తనే అడిగింది. జవాబు ఇప్పుడు ఫోన్లో ఒక పిల్లవాడి గొంతుతో వచ్చింది. తన మాట కొడుకు విని ఉంటే ఈపాటికి వాడు ఆ హాల్లో, కూలర్ దగ్గర, నరేశ్ పక్కన దగ్గుతూ ఉండేవాడు. తన జ్వరం తనే దాచుకుంటూ ఉండేవాడు. ఒక అబద్ధాన్ని నిలబెట్టాలంటే ఇంకోటి కావాలి కదా.

సుమన కంగారుపడి, "అమ్మా, ఏమైందే?" అని భుజం పట్టుకుంది.

"ఏం కాలె బిడ్డా" అంది వజ్రమ్మ. ఏడుస్తోంది, కాని మొహంలో సోమవారం నుంచి ఉన్న బిగువు లేదు. "మీ అన్న నా మాట వినలేదు. వినకపోయిండు! దేవునికి స్తోత్రం."

ఆ పది రోజులు తేలిగ్గా గడవలేదు. రేకుల గదిలో పగటిపూట కాలు పెట్టలేనంత వేడి. రాజనర్సు రేకుల మీద గోనె సంచులు పరిచి గంటగంటకూ నీళ్ళు చల్లాడు. సంఘంవాళ్ళు వేలికి పెట్టి చూసే మిషను పంపారు. శివకృష్ణ పొద్దునా సాయంత్రం దాన్ని వేలికి పెట్టుకుని మెట్ల పైనుంచి అంకె చెబితే సుమన నోట్‌బుక్కులో రాసేది. తొంభై ఆరు, తొంభై నాలుగు. ఆరో రోజు తొంభై రెండు అన్నాడు. రాజనర్సు దవాఖానకు బయలుదేరదామన్నాడు. ఫోన్లో డాక్టరు బోర్లా పడుకోబెట్టి గంట చూడమన్నాడు. గంట తర్వాత తొంభై నాలుగు. ఇంకో గంటకు తొంభై ఐదు. వజ్రమ్మ మెట్ల కింద కూచుని ఆ అంకెలు వింటూ, మధ్యలో ఎప్పుడో తనకు తెలియకుండానే మళ్ళీ దేవుడితో మాట్లాడడం మొదలుపెట్టింది. మొదటి మాట క్షమించమనే.

పదో రోజున వాడు కిందికి దిగి, చాప మీద కూచుని, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పచ్చిపులుసు రుచి తెలుస్తోందన్నాడు. వజ్రమ్మ వాడు తినేంతసేపు ఎదురుగా కూచుని, ఒక్క మెతుకూ వదలకుండా చూసింది. ఆ ఇంట్లో ఇంకెవరికీ జ్వరం రాలేదు. హజీరా హాల్లో కూడా ఎవరికీ ఏమీ కాలేదని నరేశ్ చెప్పాడు.

రాజమౌళి పద్దెనిమిది రోజులు దవాఖానలో ఉండి బతికి బయటపడ్డాడు. మే నెల చివర, ఒక పొద్దున, కర్ర పట్టుకుని, పోశమ్మ భుజం ఆసరాతో తమ్ముడి ఇంటి ముందుకొచ్చాడు. మనిషి సగమయ్యాడు. గుమ్మం దగ్గర ఆగాడు. వజ్రమ్మ బయటికొచ్చి, "లోపటికి రా బావా" అంది. ఆయన వచ్చాడు. కుర్చీలో కూలబడి, ఊపిరి కుదుర్చుకున్నాడు.

"వీని కొలువు నా మీదికెల్లి పాయె" అన్నాడు శివకృష్ణను చూపిస్తూ. "పోశమ్మ చెప్పింది. ఫారం మీద కాదని రాస్తే పోకపోవు గద? ఎందుకు రాయలె?"

వజ్రమ్మే చెప్పింది.

"నేను రాయుమన్న బావా. వాడే వినలె."

రాజమౌళి ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఈ మనిషి ఇట్లాంటి మాట ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. తర్వాత చిన్నగా నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. "నేనైతే రాస్తుంటి" అన్నాడు. "సురేశ్ గూడ రాస్తుండె." కర్ర మీద చేతులు పెట్టుకుని, "గా దినం వరసల పడ్డప్పుడు అనుకున్న. గీ పోరని జాగల నేనుంటే వస్తుంటినా అని. రాకపోదును" అన్నాడు. తర్వాత టీ అడిగాడు. పదిహేనేళ్ళ తర్వాత ఆ ఇంట్లో టీ తాగాడు. వెళ్ళేటప్పుడు, "మీ ప్రార్థనల నా పేరు గూడ చెప్తరా?" అని అడిగితే, "దినాం చెప్పినం పెద్దబాపు" అంది సుమన. ఆయన తల ఊపి, కర్ర అందుకున్నాడు. సంఘానికి ఆయన రాలేదు, ఎవరూ రమ్మనలేదు. తమ్ముడింటికి రావడం మాత్రం మానలేదు.

కంపెనీ నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. జూన్ దాకా చూశారు, జూలై వచ్చింది. శివకృష్ణ రెండుసార్లు తనే ఫోన్ చేశాడు. కొత్త బ్యాచి లేదన్నారు. నరేశ్ అక్కడే స్థిరపడ్డాడు. జూలైలో పాండేసరాలో బట్టలకు రంగులద్దే ఒక మిల్లులో ఫిట్టరు కావాలంటే శివకృష్ణ వెళ్ళి చేరాడు. జీతం కంపెనీవాళ్ళు చెప్పినదాంట్లో సగమే. ఆవిరి గొట్టాల మధ్య పని, సాయంత్రానికి చేతులు నీలంగానో ఎర్రగానో ఇంటికొస్తాయి. రాజనర్సు మొదటి వారం బాధపడ్డాడు. రెండో వారం, మిల్లు మిషన్లు ఎట్లా నడుస్తాయో కొడుకు చేత అరిపించుకుని వినడం మొదలుపెట్టాడు.

ఆ కొలువు పోయిందని బాధ లేదా అని వజ్రమ్మను అడిగితే, "ఉంటది, ఎందుకుండదు? నేను తల్లిని గానా?" అంటుంది. "గని దాని కింద ఒక సంబురమున్నది. గది శాన పెద్దది."

వాన పడుతున్న ఒక ఆదివారం, సంఘం మళ్ళీ కూడుకోవడం మొదలైన కొత్తలో, పాస్టరయ్య ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగాడు. అందరూ దూరం దూరంగా కూచుని ఉన్నారు. వజ్రమ్మ లేచింది. చాలామంది కొడుకు బతికిన సంగతి చెబుతుందనుకున్నారు. ఆమె ఫారం సంగతి చెప్పింది. తను ఏ మాట అన్నదో, ఎట్లా అన్నదో, వీధిలోకి ఎట్లా వినపడిందో, దాచకుండా చెప్పింది.

"పదిహేనేండ్లు పిల్లలకు నేనే నేర్పుతున్ననని అనుకున్న" అంది. "ఆళ్ళు నేర్చుకున్నరు. నేను మర్శిపోయిన. గప్పుడు నా కొడుకు నా మాట వినకపోవుడే నాకు మేలయింది. పిల్లలను పెంచేటోళ్ళు నా కోసం జర ప్రార్థన చెయ్యున్రి."

ముందు వరసలో ఉన్న ముసలి గంగవ్వ లేచి వచ్చి, దూరం పాటించాలన్న సంగతే మరిచి, వజ్రమ్మ చేయి పట్టుకుని, "నేను గూడ అంటుంటి బిడ్డా, నేను గూడ గదే మాట అంటుంటి" అంది. అప్పుడు అందరూ కొంచెం నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికొచ్చేసరికి వాన పెద్దదైంది. వజ్రమ్మ తడిసిన చీర మార్చుకుని, అందరికీ అన్నం పెట్టి, తనూ కడుపునిండా తిని, చాప పరుచుకుని పడుకుంది. ఏప్రిల్ నెల నుంచి ఆమె పగటిపూట కన్ను మూసింది లేదు. సుమన పక్కనే కూచుని చదువుకుంటూ, అమ్మ చిన్నగా గురక పెడుతుంటే నవ్వుకుంది. ఆ రోజు సాయంత్రం టీ సుమనే పెట్టింది. టీ చల్లారిపోయినా ఎవరూ వజ్రమ్మను లేపలేదు.